ఎర్ర బటన్ మీద శనగపిండి

“వినడమేగా కిరణ్మయీ! చెవులతో చేసే పని. చేతులు ఖాళీయే కదా, ఆ బజ్జీల పిండి కూడా కలిపేసుకో” అన్నాడు చలపతిరావు హాల్లోంచి, పేపరు మడిచే చప్పుడు మధ్యలో.

ఆదివారం మధ్యాహ్నం. సాయంత్రం ఆయన ఆఫీసువాళ్ళు ఇద్దరు ఫలహారానికి వస్తారు. కిరణ్మయి మిరపకాయలు చీరి గింజలు తీస్తోంది. వంటగట్టు మీద నూనె డబ్బాకీ ఉప్పు జాడీకీ మధ్య టూ-ఇన్-వన్ టేప్ రికార్డరు ఉంది. అందులో పారిస్ శివార్ల కుర్రాడొకడు ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతున్నాడు. వాడు నాలుగు ముక్కలు అనగానే ఆపాలి. వెనక్కి తిప్పి మళ్ళీ వినాలి. చెయ్యి తుడుచుకుని కాగితం మీద రాయాలి, పైన ఫ్రెంచిలో, కింద ఇంగ్లీషులో. రాశాక మళ్ళీ చెయ్యి కడుక్కుని మిరపకాయ అందుకోవాలి. కారం అంటిన వేలితో పొరపాటున కన్ను తుడుచుకుంటే ఆ రోజుకి రాత సాగదు. చేతులు ఖాళీ అని తేల్చేసిన మనిషి తాగిన కాఫీ గ్లాసు సింకులో వేయడానికి కూడా ఈ గదిలోకి రాడు.

ఈ పని ఇంటికి రావడమే ఒక వింత. చలపతిరావు ప్రభుత్వరంగ సంస్థలో స్వచ్ఛంద విరమణ తీసుకుని, మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి భవనంలో ఒక కంపెనీకి ప్రాజెక్ట్ మేనేజరయ్యాడు. దానికోసమే రామంతాపూర్ ఇల్లు వదిలి కొత్తగూడలో ఈ ఫ్లాటుకి వచ్చారు. చుట్టూ బండలు, సగం లేచిన అపార్టుమెంట్లు, నీళ్ళ ట్యాంకర్లు. మధ్యాహ్నం బండలు పేలుస్తుంటే అలమర్లో గ్లాసులు గలగలమంటాయి. ఆ కంపెనీకి పారిస్ నుంచి ఒక కాంట్రాక్టు వచ్చింది. ఫ్రెంచి ర్యాప్ ఎలా పుట్టింది, ఏ పేటల్లో పెరిగింది అన్నదాని మీద అక్కడివాళ్ళు ఒక సీడీ-రామ్ తయారుచేస్తున్నారు. పాటలు, పాడినవాళ్ళ ఇంటర్వ్యూలు డబ్బాల కొద్దీ క్యాసెట్లలో ఉన్నాయి. విన్నది విన్నట్టు రాసి, ఇంగ్లీషులోకి మార్చి ఇవ్వాలి. మధ్యలో అక్కడి నుంచి ఒకావిడ వచ్చి పని చూసుకుంటుంది. ‘చేస్తాం’ అని సంతకం పెట్టేశాక తెలిసింది, ఆఫీసులో ఫ్రెంచి డిప్లొమా ఉన్న ఇద్దరికీ అందులో ఒక్క ముక్క అంతుపట్టడం లేదని. అప్పుడు గుర్తొచ్చింది చలపతిరావుకి, ఇన్నేళ్ళుగా తనకి ఇడ్లీలు పెడుతున్న మనిషి ఫ్రెంచి ఎమ్మే అని.

“ఈ ప్రాజెక్టు గట్టెక్కనీ” అన్నాడు మొదటి డబ్బా తెచ్చిన రోజు, గొంతులో ఎప్పుడూ లేని మెత్తదనంతో. “మా ఎండీ రామచంద్రంగారితో మాట్లాడతాను. నిన్ను తీసుకుంటారు. నీకూ ఒక టేబులు, ఒక కుర్చీ, మెడలో ఐడీ కార్డు.”

ఆ కార్డు మాట ఆమె లోపల ఎక్కడో దిగిపోయింది. పెళ్ళయిన కొత్తలో కాలేజీలో పాఠాలు చెప్తానంటే అత్తగారు పుణ్యవతి నవ్వింది. “ఫ్రెంచి చదివి ఏం చేస్తావమ్మాయ్, పప్పులో పోపు పెడతావా?” అప్పటి నుంచి ఆ చదువు అటకెక్కింది. ఇప్పుడు దించి దుమ్ము దులుపుకుంటుంటే, ఏమో, పనికొస్తుందేమోనన్న ఆశ. కిటికీ పక్కన టేబులైతే బాగుండును అని కూడా అనుకుంది. అనుకుని తనలో తనే సిగ్గుపడింది.

మొదటి డబ్బా అంతా ఎనభైల ఆరంభం. ప్రైవేటు రేడియోలు కొత్తగా వచ్చిన రోజులు. ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఒక కార్యక్రమం వచ్చేదట, దాన్ని చూసి ఊరంతా కుర్రాళ్ళు తలకిందులుగా తిరిగేవారట. ‘వచ్చేదట’ అనుకుంటూ ఆగిపోయింది కిరణ్మయి. అట ఏమిటి? తను చూసింది. ఎమ్మే అయ్యాక స్కాలర్‌షిప్పు మీద తొమ్మిది నెలలు పారిస్ ఉత్తర శివారు సెందెనీలో, అమ్మాయిల హాస్టల్లో ఉంది. ఆ టీవీ కార్యక్రమం అయిపోగానే కిటికీ కింద పేవ్‌మెంటు మీద కుర్రాళ్ళు అట్టపెట్టెలు విప్పి పరిచేవాళ్ళు. వీపు మీద, తల మీద బొంగరాల్లా తిరిగేవాళ్ళు. ఓ గోధుమరంగు పిల్ల, పదేళ్ళుంటాయేమో, అన్నల వెనక నిలబడి ఎవరూ చూడనప్పుడు ఒక్క చుట్టు తిరిగి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు చేతులు కట్టుకునేది. అది చూసి తను పైనుంచి చప్పట్లు కొట్టింది.

ఆ తొమ్మిది నెలల సంగతి ఈ ఇంట్లో పుణ్యవతికి తెలియదు. పెళ్ళిచూపుల్లో నాన్న చెప్పనివ్వలేదు. పరాయి దేశంలో ఒంటరిగా ఉండొచ్చిన పిల్లంటే ఎవరు చేసుకుంటారని భయం. ‘ఢిల్లీలో ట్రైనింగు’ అని చెప్పారు. పెళ్ళయిన వారానికి తనే చలపతిరావుకి నిజం చెప్పింది. ఆయన ఫ్యాను వైపు చూస్తూ, “ఢిల్లీ అనే ఉండనీ. అమ్మ దగ్గర నోరు జారకు” అన్నాడు. అదేదో తప్పు చేసి వచ్చినట్టు, ఆయన క్షమించినట్టు. ఆ మాట మీద ఇన్నేళ్ళూ ఢిల్లీ ఎండల గురించి అత్తగారికి కబుర్లు చెబుతూ వచ్చింది.

రెండో డబ్బాకి ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. మెట్రో వంతెన పక్కన ఖాళీ జాగాలో రికార్డు ప్లేయర్లు పెట్టుకుని చేరేవాళ్ళు. మొదట్లో అమెరికావాళ్ళ గొంతు అరువు తెచ్చుకున్నారు. తర్వాత ఆ అరువు గొంతులో తమ ఇంటి సంగతులు పట్టడం లేదని తెలుసుకుని ఫ్రెంచిలోకి దిగారు. అదీ బళ్ళో నేర్పిన ఫ్రెంచి కాదు. అల్జీరియా నుంచి, మొరాకో నుంచి, సెనెగల్ నుంచి కార్ల ఫ్యాక్టరీల్లో పనికొచ్చిన నాన్నల బిడ్డలు, ఊరి బయట లిఫ్టు పనిచేయని పొడుగు బిల్డింగుల్లో పెరిగి, మాటల్ని తిరగేసి వాడతారు. ‘ఫామ్’ అంటే ఆడమనిషి. దాన్ని తిప్పి ‘మెఫ్’ అంటారు. డిప్లొమావాళ్ళు డిక్షనరీలో వెతికి అలిసిపోయింది వీటి కోసమే. కిరణ్మయికి అంత కష్టం కాలేదు. చిన్నప్పుడు తెనాలిలో తనూ చెల్లెలూ వంటింట్లో క-భాష మాట్లాడుకునేవాళ్ళు. ‘కనే కను కరా కను’ అంటే ‘నేను రాను’. హాల్లో మగవాళ్ళకి తెలియకుండా సినిమా ప్రోగ్రాములన్నీ అందులోనే వేసుకున్నారు. పెత్తనం చేసేవాళ్ళు పక్క గదిలో ఉన్నప్పుడు భాష దానంతటదే మెలికలు తిరుగుతుంది.

ఇంకా నవ్వొచ్చే సంగతి మూడో డబ్బాలో ఉంది. ఇంగ్లీషు పాటలు ముంచేస్తున్నాయని, రేడియోల్లో పదింట నాలుగు పాటలు ఫ్రెంచివే వేయాలని అక్కడి ప్రభుత్వం చట్టం చేసింది. తీరా చూస్తే కుర్రకారు వినే కొత్త ఫ్రెంచి పాటలు ఎక్కువగా ఉన్నది వీళ్ళ దగ్గరే. ఎవరి ఫ్రెంచి విని పెద్దమనుషులు ముక్కు మూసుకున్నారో, ఫ్రెంచి పరువు వాళ్ళే నిలబెట్టాల్సి వచ్చింది.

వాళ్ళ పాటలు చాలావాటికి ఒక పద్ధతుంది. ముందు పేరు చెప్తారు. తర్వాత పేట చెప్తారు. ఫలానా వాణ్ణి, ఫలానా బ్లాకు నుంచి. పాట పోలీసు గురించి అయినా, ప్రేమ గురించి అయినా ముందా రెండూ చెప్పాకే నోరు విప్పుతారు. మొదట్లో విసుగొచ్చేది ఆమెకి. ఎన్నిసార్లు రాయాలిరా మీ పేర్లు అనుకునేది. తర్వాత తర్వాత ఆ రెండు ముక్కల కోసమే ఎదురుచూసేది.

“గీ పోరడు ఎవల మీద గింత గరమైతున్నడమ్మా?” అని అడిగింది ఒకరోజు అంట్లు తోముతూ కిష్టమ్మ. కొత్తగూడ మనిషే. వాళ్ళ అత్తింటివాళ్ళ జాగా ఈ కొత్త బిల్డింగుల కింద పోయింది.

“పోలీసుల మీద కిష్టమ్మా. వాళ్ళ పేటలోనే వాళ్ళని ఆపి కాగితాలు చూపించమంటారట.”

“అయితే మంచిగనే తిడ్తున్నడు. జర సౌండు పెంచుండ్రి.” గిన్నె బోర్లించి అంది, “మా జాగల కట్టిన బిల్డింగుల పనికి పోతే వాచ్‌మన్ నన్ను అడుగుతడు, ఎవరు నువ్వు, ఏడికెళ్ళి వచ్చినవని. నేను ఏడికెళ్ళి వచ్చిన్నా? నువ్వు ఏడికెళ్ళి వచ్చినవ్‌ర భయ్?”

ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ కిరణ్మయికి ఆ క్యాసెట్లలో ఇంకోటీ వినిపించడం మొదలైంది. పోలీసు తనని ఎంత హీనంగా చూస్తాడో గుండె కోసి చెప్పిన కుర్రాడే మరో పాటలో పక్క బ్లాకు అమ్మాయి గురించి నోరు పాడుచేసుకుంటాడు. వాడి కోపం నిజమే. చెల్లెలు స్కర్టు వేసుకుంటే వాడు చేసే గొడవా నిజమే. అమ్మ మాత్రం దేవత. ప్రతివాడి పాటలోనూ అమ్మ దేవతే. ఆ దేవత ఏమంటుందో ఒక్క క్యాసెట్లోనూ లేదు.

ఒక్కదాంట్లో తప్ప. అది ఇవాళ టూ-ఇన్-వన్‌లో ఉన్న క్యాసెట్. మోమో అని తూర్పు బ్లాకు కుర్రాడి ఇంటర్వ్యూ మధ్యలో, చప్పుడు చేయకుండా గదిలోకి వచ్చి టీ పెట్టి వెళ్ళబోతున్న వాళ్ళమ్మని, ప్రశ్నలడుగుతున్న ఆవిడ ఆపి మాట్లాడించింది. ఆమె మాట్లాడింది నిమిషం కూడా లేదు. కిరణ్మయి దాన్ని పొద్దుటి నుంచి ఎన్నిసార్లు విందో. రాయడం అయిపోయాక కూడా వింది. మళ్ళీ ఒక్కసారి విందామని వెనక్కి తిప్పి ఆపింది. ఇంతలో శనగపిండి గుర్తొచ్చింది. కలిపింది. కలిపిన చేత్తోనే బటన్ నొక్కింది. సరిగ్గా అప్పుడే చలపతిరావు మంచినీళ్ళకోసం గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

“ఏమండీ, ఆ ఫ్రాన్సు ఆవిడ వచ్చేలోపు నా సంగతి ఎండీగారికి చెప్పారా?” అంది నీళ్ళు ఇస్తూ.

“ఏ సంగతి?”

“ఉద్యోగం సంగతి. పోనీ, సీడీలో పేర్ల పేజీ ఉంటుందన్నారుగా, అందులోనైనా...”

“పేర్లు ఎప్పుడో వెళ్ళిపోయాయి. ఫ్రెంచి లాంగ్వేజ్ హెడ్ అని నా పేరు ఇచ్చాను. టీము నాదేగా.”

“మీకు ఫ్రెంచి రాదు కదండీ.”

“మెల్లగా మాట్లాడు. పెళ్ళాం చేత చేయించుకొస్తున్నాడని తెలిస్తే ఆఫీసులో తలెత్తుకోగలనా? ఈ వయసులో ఫ్రెంచి నేర్చుకున్నానని ఎండీ నన్ను పిల్లలందరికీ చూపించి మెచ్చుకుంటున్నాడు. ఉద్యోగం లేదు, ఏం లేదు. అయినా నువ్వు చేసిందేముంది, వినడమేగా!”

కుక్కరు కూత వేసింది. లోపలి గదిలోంచి పుణ్యవతి, “అమ్మాయ్! ఆ పాడు గోల ఆగిందిగా, కాస్త మజ్జిగ తెచ్చియ్యి” అని పిలిచింది.

గోల ఆగింది. అవును, ఎందుకు ఆగింది? కిరణ్మయి తిరిగి చూసింది. టేపు తిరుగుతూనే ఉంది. దాని కింద ఎర్ర బటన్ లోపలికి దిగి ఉంది. దాని మీద బొటనవేలి ముద్రంత పచ్చటి శనగపిండి.

గభాలున ఆపింది. వెనక్కి తిప్పి వింది. మోమో తల్లి లేదు. ఆమె ఉన్నచోట మొదలు నుంచి చివరిదాకా తన వంటిల్లు ఉంది. క్యాసెట్ అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేసి ఉంటే రికార్డు బటన్ దిగేదే కాదు. పారిస్‌లో ఎవరో మర్చిపోయారు. ఎవరు మర్చిపోతేనేం, వేలు తనది.

మజ్జిగ ఇచ్చి వచ్చి ఆయనకి చెప్పింది. దాచే అలవాటు లేదు. ఢిల్లీ ఒక్కటి తప్ప.

“ఒక్క పని! ఒక్కటంటే ఒక్క పని తిన్నగా చెయ్యలేవు!” అన్నాడు. వచ్చే అతిథులు గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. “సరే. ఎవరితోనూ అనకు. టెక్నికల్ ఎర్రర్ అంటాను.”

“మన మాటలు పడ్డాయండీ అందులో.”

“పడితే పడనీ. పారిస్‌లో వాళ్ళకి తెలుగొచ్చా?”

ఆయన ఆ టేపు వినలేదు. ఏ టేపూ వినలేదు. రెండు రోజుల తర్వాత సాక్సులు విప్పుతూ, “నువ్వు రాసిన ఆ ముసలావిడ ముక్క కూడా కాగితాల్లోంచి తీసేయించాను. టేపులో లేనిది రాతలో ఉంటే పట్టుకుంటారు. ఇప్పుడు రెండూ సరిపోయాయి” అన్నాడు, చక్కబెట్టిన మనిషి తృప్తితో.

రెండూ సరిపోయాయి. టేపులో లేదు, కాగితంలో లేదు. కొడుకు పాటలో దేవతగా మిగిలింది, అంతే.

అప్పటిదాకా అయిన క్యాసెట్లూ కాగితాలూ పారిస్ వెళ్ళిపోయాయి. నెల తిరక్కుండా ఆ ఫ్రాన్సు ఆవిడ, నాదియా, పని చూసుకోవడానికి బయల్దేరుతోందని కబురొచ్చింది. విదేశాల వాళ్ళెవరు వచ్చినా ఆ కంపెనీలో గుమ్మం దగ్గర బొట్టుపెట్టి, దండ వేసి, హారతిచ్చి లోపలికి తీసుకెళ్ళడం రివాజు.

“మా ఆఫీసు పిల్లలకి పట్టుచీర కట్టుకోవడమే రాదు. హారతి పళ్ళెం పట్టుకోమంటే కిసుక్కున నవ్వుతారు. ప్రాజెక్ట్ మేనేజరుగారి మిసెస్ అయితే పద్ధతిగా ఉంటుందన్నాడు ఎండీ. ఆ మెరూన్ చీర కట్టుకో” అన్నాడు చలపతిరావు. మెట్లు దిగబోతూ ఆగి, “ఫ్రెంచి మాత్రం మాట్లాడకు. నువ్వు మొదలుపెడితే ఆవిడ నాతోనూ మొదలుపెడుతుంది” అన్నాడు.

అలా మొదటిసారి ఆ గుండ్రటి భవనంలోకి అడుగుపెట్టింది కిరణ్మయి, చేతిలో పళ్ళెంతో. అద్దాల్లో తన బొమ్మ పదిచోట్ల కనబడింది. కిటికీల పక్కన టేబుళ్ళు నిజంగానే ఉన్నాయి.

నాదియాకి నలభై లోపే. పొట్టి జుట్టు, నల్ల ప్యాంటు, చామనఛాయ. చీర కడితే మన కర్నూలు మనిషే అంటారు. బొట్టు కోసం తల వంచి, నవ్వి, ‘మెర్సీ’ అని థాంక్స్ చెప్పింది. దానికి జవాబు కిరణ్మయి నాలుక చివరిదాకా వచ్చి, వెనక్కి వెళ్ళిపోయింది.

భోజనం వడ్డించేటప్పుడు కూడా ఉండాలన్నారు కాబట్టి మీటింగు గదిలో తలుపు పక్క కుర్చీలో, ఒళ్ళో ఆరిపోయిన హారతి పళ్ళెంతో కూర్చుంది. లోపల ఎండీ రామచంద్రం, చలపతిరావు, టైపు చేసే అమ్మాయిలు, ఆ డిప్లొమా కుర్రాళ్ళు. నాదియా చలపతిరావు వైపు తిరిగి గలగలా ఫ్రెంచిలో ఏదో అడిగింది. పని ఎలా సాగిందని అడుగుతోంది, అంతే. ఆయన టై సర్దుకున్నాడు.

“అందరికీ అర్థం కావాలని మా కంపెనీలో ఇంగ్లీషే వాడతాం మేడమ్” అన్నాడు ఇంగ్లీషులో. ఎండీ మెచ్చుకోలుగా తలాడించాడు.

నాదియా ఇంగ్లీషులోకి మారింది. పని చాలా బాగుందంది. ఆ పేటల మాట పారిస్‌లో ప్రొఫెసర్లకే తెలియదనీ, ఇది చేసినవాళ్ళకి ఆ వీధి ఎలా ఉంటుందో తెలిసుండాలనీ అంది. “హార్డ్ వర్క్ మేడమ్” అన్నాడు చలపతిరావు.

“కానీ ఒక మనిషి తప్పిపోయింది” అంది నాదియా. “మోమో తల్లి. ఆ ఇంటర్వ్యూ నేనే చేశాను. ఆవిడ కాగితాల్లో లేదు. టేపులో కూడా లేదు.”

“టెక్నికల్ ఎర్రర్ మేడమ్.”

“ఆ ఎర్రర్ ఏమిటో నాకు అర్థం కాలేదు. మీకు అర్థమవుతుందేమో వినండి” అని బ్యాగులోంచి క్యాసెట్ తీసి గదిలోని పెద్ద సిస్టంలో పెట్టింది.

ముందు మిరపకాయ చీరిన కత్తి గట్టు మీద పెట్టిన చప్పుడు. తర్వాత గది నాలుగు మూలల నుంచీ, చాలా స్పష్టంగా: “ఏమండీ, ఆ ఫ్రాన్సు ఆవిడ వచ్చేలోపు నా సంగతి ఎండీగారికి చెప్పారా?”

పారిస్‌వాళ్ళకి తెలుగు రాదన్న ధైర్యంతో ఉన్న మనిషి, ఈ గదిలో కూర్చున్నవాళ్ళంతా తెలుగువాళ్ళేనని మర్చిపోయాడు. అందరూ విన్నారు. మీకు ఫ్రెంచి రాదు కదండీ. పెళ్ళాం చేత చేయించుకొస్తున్నాడని. నువ్వు చేసిందేముంది, వినడమేగా. టైపు చేసే అమ్మాయి ఒకతె పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసింది. రామచంద్రం ఏసీ వైపు చూశాడు. కుక్కరు కూత వేసినప్పుడు ఎవరో నవ్వబోయి దగ్గారు. మజ్జిగ అడిగింది పుణ్యవతి. టక్కుమని చప్పుడు, ఆ వెంటనే మోమో గొంతు.

“ఎవరి గొంతులు ఇవి?” అంది నాదియా.

చలపతిరావు నవ్వాడు. “నథింగ్ మేడమ్. ఇంట్లో పనిమనిషి ఏదో గొడవ చేస్తుంటే పొరపాటున రికార్డయింది.”

పనిమనిషి. కిరణ్మయి గదిలో ఒక్కో మొహమూ చూసింది. వాళ్ళందరికీ తెలుసు. ఒక్కరైనా అంటారేమో, కనీసం ఇటు చూస్తారేమో అనుకుంది. అందరికీ అకస్మాత్తుగా ఎదురుగా ఉన్న కాగితాల్లో బోలెడు పని కనబడింది.

“అయితే పోయినట్టే” అంది నాదియా ఫైలు మూస్తూ. “ఆవిడ మళ్ళీ మాట్లాడనంది.”

ఎలా లేచిందో కిరణ్మయికే తెలియదు. పళ్ళెం కుర్చీలో పెట్టింది. ఎదురుగా ఉన్న గోడ వైపు చూస్తూ ఫ్రెంచిలో చెప్పింది, ఆ తల్లి ఎక్కడ ఆగిందో అక్కడ ఆగుతూ, ఎక్కడ దగ్గిందో అక్కడ తడుముకుంటూ:

“పాటలో మావాడు నన్ను రాణి అంటాడు. విన్నాను. ఆ రాణి తెల్లారకముందే లేచి ఆఫీసుల్లో పాయిఖానాలు కడుగుతుంది. ఆ ముక్క పాటలో లేదు, వాడికి నామోషీ. స్టేజీ ఎక్కిన రోజు వాడి చొక్కా నేనే ఇస్త్రీ చేశాను. వాడి పేరు ఇప్పుడు గోడల మీద కూడా ఉంది. మంచిదే. నన్ను మోమో తల్లి అంటారు. అంతకుముందు అహ్మద్ భార్య అన్నారు. నా పేరు ఎవరూ అడగలేదు. ఇంతసేపు కూర్చున్నావు, నువ్వూ అడగలేదు. యమీనా. నా పేరు యమీనా. టీ చల్లారిపోతోంది, తాగు.”

నాదియా లేచి నిలబడింది. కళ్ళలో నీళ్ళున్నాయి. “యమీనా” అని రాసుకుంది. తర్వాత ఫ్రెంచిలోనే, చాలా మర్యాదగా, “మీ పేరేమిటి?” అంది.

చలపతిరావుకి ఫ్రెంచి రాకపోయినా ఆ ఒక్క ప్రశ్న అర్థమైనట్టుంది. “మై వైఫ్, మేడమ్. మిసెస్ చలపతిరావు” అన్నాడు.

నాదియా పెన్ను కదిలింది. అదే రాసుకుంది. పేరు అడగలేదని ఇప్పుడే యమీనా చేత అనిపించుకున్న మనిషి కూడా.

కిరణ్మయి నోరు తెరిచే ఉంది. అందులోంచి రావాల్సిన మాట పక్కవాళ్ళ నోట్లోంచి వచ్చేశాక ఏం చేయాలో ఆ నోటికి తెలియలేదు. ఇంతలో రామచంద్రం చప్పట్లు కొట్టాడు. “ఏమయ్యా చలపతీ, ఇంట్లో ఇంత టాలెంట్ పెట్టుకుని ఒక్కమాట చెప్పలేదే! లక్కీ ఫెలోవి. పదండి, పదండి, లంచ్!” అందరూ చప్పట్లు కొట్టారు, గండం గడిచినంత గట్టిగా.

చేతులు కడుక్కునే చోట, టైపు చేసే అమ్మాయి పక్కన నిలబడి కుళాయి వైపు చూస్తూ నెమ్మదిగా అంది, “మేడమ్, మేమందరం విన్నాం.”

“విన్నారు” అంది కిరణ్మయి. “వినడమేగా.”

ఆ రాత్రి చలపతిరావు అరుస్తాడనుకుంది. అరవలేదు. అదే ఆమెకి ఎక్కువ భయం వేసింది. “పోనీలే, అంతా మంచికే అయింది. ఎండీ ఖుషీ అయ్యాడు” అన్నాడు. “ఆవిడకీ నచ్చింది. ఇక చివరి డబ్బా ఒక్కటే. ఈ వారంలో అయిపోవాలి. ఈసారి నీ పేరు కూడా పెట్టిస్తాలే, మిసెస్ చలపతిరావు అని.” ఇంత ఇచ్చేశాక ఇంకేం కావాలన్నట్టు దిండు సర్దుకుని పడుకున్నాడు.

మర్నాడు ఆయన వెళ్ళాక కిష్టమ్మ అంట్లు తోమి వెళ్ళిపోయింది. కిరణ్మయి పప్పు కడిగి కుక్కరు పెట్టింది. చివరి డబ్బాలోంచి మొదటి క్యాసెట్ తీసి, ఆఫీసు నుంచి వచ్చిన కాగితాల కట్ట ముందుకు లాక్కుంది. రాయబోయి ఆగింది. ఇన్ని నెలలు ఎన్ని కాగితాలు రాసింది. ఒక్కటైనా తనదని నిలబడి చెప్పిందా? కాగితం మీద ఎవరి పేరైనా వేసుకోవచ్చు, ఇష్టం లేని పేజీ తీసేయనూ వచ్చు. నిన్న ఆ గదిలో ఆయన తీసేయలేకపోయింది ఒక్కదాన్నే. గొంతుని. పనిమనిషిదని అబద్ధమాడగలిగాడు గానీ, ఆ గొంతు మీద తన పేరు వేసుకోలేకపోయాడు.

కాగితాల కట్ట తీసి అటక మీద పడేసింది. బజారు నుంచి తెచ్చిన ఖాళీ క్యాసెట్ రేపరు చింపి టూ-ఇన్-వన్‌లో పెట్టింది. ఈ డబ్బా అనువాదమంతా ఇలాగే, తన గొంతులోనే వెళ్తుంది. వింటే వినాలి, లేకపోతే ఎవరైనా వేరేవాళ్ళని చూసుకోవాలి.

చెయ్యి తడిగా ఉంది. తుడుచుకోలేదు. ఎర్ర బటన్ నొక్కింది.

ఫ్రెంచిలో మొదలుపెట్టింది. “నా పేరు కిరణ్మయి. కొత్తగూడ నుంచి. అంతకుముందు తెనాలి. మధ్యలో తొమ్మిది నెలలు సెందెనీ.”

కుక్కరు కూత వేసింది. వేయనిచ్చింది. బయట ఎక్కడో బండ పేలింది, అలమర్లో గ్లాసులు గలగలమన్నాయి. అదీ పడనిచ్చింది.

“ఎవరితో అమ్మాయ్, ఆ మాటలు?” అంది పుణ్యవతి గుమ్మంలోకి వచ్చి, చేతిలో ఖాళీ మజ్జిగ గ్లాసుతో. “ఎవరొచ్చారు?”

“ఎవరూ రాలేదత్తయ్యా. నేనే, నా పేరు చెప్పుకుంటున్నాను.” గ్లాసు అందుకోలేదు. టేపు తిరుగుతోంది. “మీకూ ఒకటి చెప్పాలి, కూర్చోండి. పెళ్ళికి ముందు నేను వెళ్ళింది ఢిల్లీ కాదు.”